వంటింట్లో కూర్చుని తినమనడం శిక్ష ఎందుకైంది? మా అమ్మాయి ప్రశ్న

ప్రశ్న: ఒహాయో నుంచి ఒక అమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఈసారి ఇంగ్లీషు క్లాసులో హార్పర్ లీ నవల టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్ పెట్టారు. రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిచేసి, అక్కడే కూర్చుని ఇద్దరం కలిసి చదువుకుంటున్నాం. చిన్నప్పటి నుంచి ఎంపీసీ, తర్వాత బీటెక్ అంటూ లెక్కల్లోనే పెరిగాను. ఒక ఇంగ్లీషు నవలని ఇంత నెమ్మదిగా చదవడం నాకు ఇదే మొదలు. అందుకే సాహిత్యం బాగా తెలిసినవాళ్ళని అడుగుతున్నాను.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1930లలో, అలబామా రాష్ట్రంలో మేకోమ్ అనే చిన్న ఊరు. కథ చెప్పేది స్కౌట్ అనే పిల్ల. మొదట్లో ఆమెకి ఇంకా ఆరేళ్ళు కూడా నిండవు. తల్లి లేదు. తండ్రి అట్టికస్ లాయరు. అన్న పేరు జెమ్. వంట చేసి పిల్లల్ని పెంచేది కాల్పర్నియా అనే నల్లజాతి ఆవిడ.

మూడో అధ్యాయంలో బడి మొదటి రోజు మధ్యాహ్నం వాల్టర్ కన్నింగ్‌హమ్ అనే పేద రైతు కొడుకు వీళ్ళింటికి భోజనానికి వస్తాడు. కాళ్ళకి చెప్పులు లేవు. కూరల మీదా మాంసం మీదా మొలాసిస్ ధారగా పోసుకుంటాడు. మొలాసిస్ అంటే మన చెరుకు పానకం లాంటిది. స్కౌట్ ఉండబట్టలేక, ఏం చేస్తున్నావని గట్టిగా అడిగేస్తుంది. ఆ పిల్లాడు గబగబా పాత్ర కింద పెట్టి, చేతులు ఒళ్ళో దాచుకుని తల దించుకుంటాడు. కాల్పర్నియా స్కౌట్‌ని వంటింట్లోకి పిలిచి చీవాట్లు పెడుతుంది. ఈ గడప తొక్కినవాళ్ళు ఎవరైనా మన చుట్టాలే, వాళ్ళు ఎలా తింటే నీకేం అంటుంది. బల్ల దగ్గర మర్యాదగా ఉండలేకపోతే కంచం తెచ్చుకుని వంటింట్లో తిను అంటుంది. ఒక దెబ్బ కూడా వేస్తుంది.

నాకు ఆ ఘట్టం ఎంతో నచ్చింది. "చూశావా, ఎంత మంచి మాట చెప్పిందో" అన్నాను మా అమ్మాయితో. అది కాసేపు ఆలోచించి, "అమ్మా, ఆ వంటింట్లోనే కదా కాల్పర్నియా రోజంతా ఉండేది? మరి స్కౌట్‌కి అక్కడ తినడం పనిష్‌మెంట్ ఎలా అయింది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. తణుకు దగ్గర మా అమ్మమ్మగారింట్లో అంట్లు తోమే ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ పెరటి మెట్టు మీద కూర్చుని తినేది. ఆవిడ గ్లాసు బావి గట్టు మీద బోర్లించి ఉండేది. ఆ గ్లాసు మీద ఏదో పువ్వు బొమ్మ ఉండేదని కూడా నాకు గుర్తుంది. కానీ అది అక్కడెందుకు ఉందని చిన్నప్పుడు ఒక్కసారి కూడా అడగలేదు. నా కూతురు పుస్తకంలో చదివి అడిగింది, నేను కళ్ళారా చూసి కూడా అడగలేదు.

ఈ నవల పిల్లలకి ఎదుటివాడి బాధ అర్థం చేసుకోవడం నేర్పుతుందని అందరూ అంటారు. నిజంగా నేర్పుతుందా? నేర్పితే ఎవరి గురించి, ఎంతవరకు? దయచేసి చెప్పండి. దానికి నేను ఏదో ఒక జవాబు ఇవ్వాలి.


జవాబు: అలబామాలో కొన్నాళ్ళు ఉన్న ఇంజనీరు

అండీ, మీ పాప ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు కానీ వాల్టర్ గురించి ఒకటి చెబుతాను, ఆ అధ్యాయం ఇంకొంచెం తెరుచుకుంటుంది.

అతను చెప్పులు లేకుండా రావడం పేదరికానికి గుర్తు మాత్రమే కాదు. ముఖం చూస్తేనే హుక్‌వార్మ్ ఉందని తెలిసిపోతుందని స్కౌట్ చెబుతుంది. మట్టిలో వట్టికాళ్ళతో నడిస్తే ఆ పురుగు పాదంలోంచి ఒంట్లోకి వెళ్తుంది, రక్తం తాగుతుంది, పిల్లలు పాలిపోయి మందకొడిగా అయిపోతారు. అప్పట్లో అమెరికా దక్షిణాది పల్లెల్లో అది పెద్ద బెడద. బద్ధకం అని ఊరు అనుకున్నదాంట్లో చాలా భాగం రక్తం లేకపోవడమే.

వాళ్ళ నాన్న అట్టికస్‌కి లాయరు ఫీజు డబ్బుగా ఇవ్వలేక పొయ్యి కట్టెలు, కాయలు, ఆకుకూరలు తెచ్చి పెరట్లో పెట్టి వెళ్తాడు. తీర్చలేనిది ఏదీ ఎవరి దగ్గరా తీసుకోని కుటుంబం అది. అందుకే టీచరు పావు డాలరు ఇస్తే ఆ పిల్లాడు పుచ్చుకోడు. ఆ టీచరు వేరే ప్రాంతం నుంచి కొత్తగా వచ్చింది, ఈ సంగతి ఆమెకి తెలియదు. తెలిసిన స్కౌట్ చెప్పబోతే అరచేతి మీద స్కేలు దెబ్బలు పడ్డాయి.

అదే వాల్టర్ అట్టికస్ పక్కన కూర్చోగానే పంటల గురించి పెద్దమనిషిలా మాట్లాడతాడు. ఒకటో తరగతి ఎందుకు దాటలేకపోతున్నాడో అక్కడే చెబుతాడు. ఏటా వసంతంలో చేలో నాన్నకి సాయం చేయడానికి బడి మానాలి, అదీ కారణం. నాకు ఆ అధ్యాయంలో అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఆ ముక్కే.


జవాబు: రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు, గుంటూరు

అమ్మా, ముందుగా మీ పాపకి నా ఆశీస్సులు చెప్పండి. డిగ్రీ పిల్లలకి చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాకు నేనూ వేసుకోలేదు.

ఈ నవల అనగానే అందరూ చెప్పేది అట్టికస్ మాట: ఎదుటివాడి చర్మంలో దూరి కాసేపు తిరిగితే గానీ వాడు అర్థం కాడు అని. ఆ మాట అతను ఎప్పుడు అన్నాడో ఒకసారి చూడండి. అదే రోజు సాయంత్రం, స్కౌట్ ఇక బడికి పోనని మొరాయించినప్పుడు. అది వాల్టర్ గురించి చెప్పిన మాట కాదు. ఊరికి కొత్తగా వచ్చిన ఆ టీచరు గురించి చెప్పింది. అంటే తనని కొట్టిన మనిషి వైపు నుంచి చూడమని పిల్లకి చెబుతున్నాడు. పేదవాడి మీద జాలిపడమని కాదు. జాలి పడటం తేలిక, తమకంటే కిందివాళ్ళ మీద ఎవరైనా పడతారు. తనని కొట్టినవాళ్ళని అర్థం చేసుకోవడం ఆరేళ్ళ పిల్లకి ఎంత కష్టమో ఆలోచించండి.

ఇప్పుడు కాల్పర్నియా మాటకి వద్దాం. ఇంకోసారి చదవండి. మీవాళ్ళు కన్నింగ్‌హమ్‌ల కంటే గొప్పవాళ్ళే కావచ్చు, కానీ నువ్విలా అవమానిస్తే ఆ గొప్ప ఎందుకూ కొరగాదు అన్న అర్థంలో తిడుతుంది. అంటే ఎక్కువ తక్కువలు లేవని ఆమె చెప్పలేదు. ఉన్నాయని ఒప్పుకునే, వాటిని ఎలా మోయాలో నేర్పింది. ఆ ఊళ్ళో ఒక నల్లజాతి మనిషి తెల్లపిల్లకి అంతకు మించి చెప్పడానికి చోటు లేదు.

మనకి ఒక మాట ఉంది, కంచం పొత్తే గానీ మంచం పొత్తు లేదు అని. కలిసి తింటాం గానీ పిల్లనిచ్చి పుచ్చుకోం అని. మేకోమ్‌లో కంచం పొత్తు కూడా ఒక్క పూటే. దీన్ని మీరు ఇరవై మూడో అధ్యాయం దాకా వెంబడించాలి.

మధ్యలో జైలు ముందు రాత్రి వస్తుంది. చెయ్యని నేరం మీద పడిన టామ్ రాబిన్‌సన్ అనే నల్లజాతి మనిషి లోపల ఉన్నాడు. బయట అతన్ని చంపడానికి వచ్చిన గుంపు. అతని తరఫు లాయరు అట్టికస్ ఒక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ గుంపులో స్కౌట్‌కి తెలిసిన ముఖం ఒక్కటే, వాల్టర్ తండ్రి. మీ వాల్టర్ నా క్లాసే, ఒకసారి మా ఇంట్లో అన్నం తిన్నాడు, నేను పలకరించానని చెప్పండి అంటుంది. ఆ పిల్ల భయపెట్టలేదు, నీతి చెప్పలేదు, అన్నం పెట్టిన సంగతి గుర్తు చేసింది అంతే. ఆ మనిషి కిందికి వంగి, ఆ పిల్ల భుజాలు పట్టుకుని చెబుతానంటాడు. తర్వాత లేచి, పదండి పోదాం అంటాడు. గుంపు వెళ్ళిపోతుంది.

తర్వాత విచారణలో జ్యూరీ టామ్‌ని దోషి అంటుంది. కానీ ఆ పన్నెండు మందిలో ఒకడు మొదట్లో నిర్దోషిగా వదిలేయాల్సిందేనని పట్టుబట్టాడని అట్టికస్ చెబుతాడు. అతనూ ఒక కన్నింగ్‌హమే. స్కౌట్‌కి ఎంత సంతోషమో. బడి తెరవగానే వాల్టర్‌ని మళ్ళీ భోజనానికి పిలుస్తానంటుంది. మేనత్త అలెగ్జాండ్రా వద్దంటుంది. మంచివాళ్ళే, మర్యాదగా ఉండు, కానీ ఇంటికి తేకు అంటుంది. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే, వాడు చెత్త కాబట్టి అని ఒక్కొక్క మాటా విడదీసి చెబుతుంది.

ఆ పేజీ క్లాసులో చదివి వినిపించేటప్పుడు నా గొంతు ప్రతిసారీ పట్టుకునేది. ఎందుకో చెబుతాను. మా నాన్న చేనేత. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడు. ఊళ్ళో ఒక పెద్దింటి అబ్బాయి నాకు స్నేహితుడు. ఆరో తరగతిలో ఒకరోజు వాళ్ళింటికి తీసుకెళ్ళాడు, అరిసెలు పెట్టారు. రెండోసారి వెళ్తే వాళ్ళమ్మగారు గుమ్మంలోనే నవ్వుతూ మాట్లాడి పంపేశారు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అయినా నేను మూడోసారి వెళ్ళలేదు. వాల్టర్‌కి ఆ మేనత్త మాట ఎప్పటికీ తెలియదు గానీ, పిలుపు రాలేదని మాత్రం తెలిసే ఉంటుంది అనుకునేవాణ్ణి.

ఆ రాత్రే జెమ్ చెల్లెలికి నాలుగు రకాల మనుషుల లెక్క చెబుతాడు. మనలాంటివాళ్ళు, అడవి పక్క కన్నింగ్‌హమ్‌లు, చెత్తకుప్ప పక్క యూవెల్‌లు, నల్లవాళ్ళు. స్కౌట్ ఒప్పుకోదు. వాల్టర్ తెలివైనవాడే, చేలో పని వల్ల వెనకబడ్డాడు అంతే, మనుషులందరూ ఒకటే రకం అంటుంది. నేనూ నీ వయసులో అలాగే అనుకున్నాను అంటాడు జెమ్. మీ పాపని ఇక్కడ ఆపి అడగండి, ఇద్దరిలో ఎవరి మాట సరి అని. జవాబు తొందరగా రాబట్టకండి.


జవాబు: హైదరాబాద్ నుంచి ఒక నర్సు

మాస్టారు రాసింది మొత్తం చదివాను, నమస్కారం సార్. మీ అరిసెల మాట దగ్గర ఆగిపోయాను. అయినా నా మనసులోది చెప్పాలి.

మా అమ్మ ముప్పై ఏళ్ళు ఇళ్ళల్లో పని చేసి నన్ను నర్సింగ్ చదివించింది. అమ్మ పనిచేసిన ఇళ్ళల్లో పిల్లలు అమ్మని ప్రేమగా చూసేవాళ్ళు. ఒక పాప అయితే అమ్మ రాకపోతే అన్నం తినేది కాదట. మా అమ్మ ఆ పాప గురించి చెబుతుంటే నాకు కుళ్ళుగా ఉండేది. మా అమ్మ మధ్యాహ్నం ముద్దలు కలిపి పెట్టేది వాళ్ళకి. నేను పొద్దున వండిపెట్టినది చల్లగా తినేదాన్ని.

అందుకే కాల్పర్నియా గురించి చదివేటప్పుడు ఆవిడ పిల్లలు ఎక్కడున్నారా అని వెతుక్కున్నాను. పన్నెండో అధ్యాయం దాకా తెలియదు. అట్టికస్ ఊళ్ళో లేని ఆదివారం పిల్లల్ని తన చర్చికి తీసుకెళ్తుంది. అక్కడ పాటలు చెప్పించే జీబో ఆవిడ పెద్ద కొడుకు. ఊరి చెత్త ఎత్తే పని అతనిది. చర్చిలో చదవడం వచ్చినవాళ్ళు నలుగురే, వాళ్ళలో అతనొకడు. అతనికి చదువు నేర్పింది తల్లే, బైబిల్‌తోనూ స్కౌట్ తాతగారిచ్చిన ఒక పాత లా పుస్తకంతోనూ. స్కౌట్‌కి రాత నేర్పిందీ ఆవిడే. ఒకే తల్లి చేతి మీద చదువుకున్న ఇద్దరిలో ఒకరు లాయరుగారి అమ్మాయి, ఒకరు చెత్తబండి మనిషి.

అక్కడే ఇంకో సంగతి. టామ్ భార్య హెలెన్‌కి ఎవరూ పని ఇవ్వడం లేదని చర్చిలో చందా ఎత్తుతారు. పది డాలర్లు పోగయ్యే దాకా పాస్టరు తలుపులు మూయించేస్తాడు. లేనివాళ్ళు తలా కాస్తా తీసి ఇస్తారు. తర్వాత స్కౌట్ ఇంట్లో తెల్ల ఆడవాళ్ళు టీ తాగుతూ ఎక్కడో దూరాన ఉన్న మ్రూనా అనే తెగ వాళ్ళ కష్టాలకి కళ్ళు తుడుచుకుంటారు. అక్కడే కూర్చుని తమ ఇళ్ళల్లో వంటవాళ్ళు ముఖాలు మాడ్చుకున్నారని విసుక్కుంటారు. మీ అమ్మాయి ఈ రెండు ఘట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా కోరిక.

ఇంకా ముఖ్యమైనది కోర్టు. టామ్ తనని చెరిచాడని నేరం మోపిన యూవెల్‌ల అమ్మాయి మయెల్లా చెత్తకుప్ప పక్కన ఉంటుంది, చుట్టూ చిన్నపిల్లలు, తాగుబోతు తండ్రి. ఆ పెరట్లో చిట్లిపోయిన పాత్రల్లో ఎర్రని జెరేనియం మొక్కలు పెంచుకుంటుంది. అట్టికస్ మర్యాదగా మిస్ మయెల్లా అని పిలిస్తే, నన్ను ఎగతాళి చేస్తున్నాడని కోపగించుకుంటుంది. ఎవరూ ఎప్పుడూ అలా పిలవలేదు మరి. దారిన పోతూ ఆమె పిలిచినప్పుడల్లా ఆగి, డబ్బు తీసుకోకుండా పనిచేసిపెట్టినవాడు టామ్ ఒక్కడే. ఎందుకు చేశావు అని ప్రాసిక్యూటర్ అడిగితే, ఆమెని చూస్తే జాలేసింది అంటాడు. కోర్టు హాలులో జనానికి ఆ మాట రుచించదు. నల్లవాడు తెల్లపిల్ల మీద జాలి పడటమా అని.

నేను ఆ పేజీ మూసి చాలాసేపు కూర్చున్నాను. పుస్తకం అంతా జాలి గురించే అంటారు కదా, జాలి ఉందని చెప్పి కేసు పోగొట్టుకున్నవాడు ఒక్క టామే. హాస్పిటల్లో నేను రోజూ చూస్తాను. చెయ్యి పట్టుకుంటే ముడుచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నా ఇంటిపేరు అడిగాక. మందు వేయించుకుంటారు, ఓదార్పు మాత్రం నా నుంచి వద్దు.

మీ పాప ప్రశ్నకి నా జవాబు ఇది. ఆ వంటిల్లు స్కౌట్‌కి ఒక్క పూట శిక్ష. కాల్పర్నియాకి అది జీతం. రచయిత్రికి ఇది తెలుసో లేదో నాకు అనవసరం, మీ పాపకి కనిపించింది, చాలు.


జవాబు: రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు, గుంటూరు

అమ్మా, నర్సు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మొలాసిస్ బల్ల మీద ఎవరు పోసుకున్నారో ఇన్నేళ్ళు చెప్పాను గానీ, అది తెచ్చిపెట్టిన చేతి వైపు నుంచి పాఠం చెప్పలేదు. ఒప్పుకుంటున్నాను.

మీరన్న చర్చి అధ్యాయం చివర ఒక చిన్న ముక్క ఉంది. స్కౌట్ కాల్పర్నియాని, మీ ఇంటికి రావచ్చా అని అడుగుతుంది. ఎప్పుడైనా రా, మాకు సంతోషం అంటుంది ఆవిడ. తర్వాత ఆ మాట స్కౌట్ తండ్రి ముందు ఎత్తితే, తండ్రి నోరు తెరిచేలోగా మేనత్త వీల్లేదు అంటుంది. వాల్టర్‌ని ఇంటికి రానివ్వనిదీ ఆవిడే, స్కౌట్‌ని కాల్పర్నియా ఇంటికి పోనివ్వనిదీ ఆవిడే. నవల అయిపోయేలోగా స్కౌట్ ఆ ఇంటికి వెళ్ళినట్టు ఎక్కడా లేదు. ఆఖర్లో అదే వీధిలో ఇల్లు కదలకుండా ఉండే బూ రాడ్లీ వరండా ఎక్కి, అతని కళ్ళతో వీధి చూస్తుంది. అది చాలా గొప్పగా ఉంటుంది. కానీ రమ్మన్న ఇల్లు మాత్రం అలాగే మిగిలిపోయింది.


జవాబు: ఒహాయో నుంచి ఒక అమ్మ

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మీ జవాబులన్నీ మా అమ్మాయికి తెలుగులోనే చదివి వినిపించాను. దానికి కొన్ని మాటలు అర్థం కాక మధ్యమధ్యలో ఆపి అడిగింది. కంచం పొత్తు అంటే ఏంటని అడిగితే చెప్పాను. నర్సు గారు రాసిన చల్లటి అన్నం దగ్గర దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ చదవమంది. మీ అమ్మగారికి మా ఇద్దరి నమస్కారాలు చెప్పండి.

స్కౌట్, జెమ్‌లలో ఎవరి మాట సరి అని మాస్టారు చెప్పినట్టే అడిగాను. ఇంకా చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత అది నన్ను అడిగింది, "మీ అమ్మమ్మ వాళ్ళింట్లో గ్లాసు ఆవిడ ఇల్లు ఎక్కడ?" అని. నాకు తెలియదు. నిన్న మా అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకి ఇప్పుడు డెబ్భై రెండు. ఆవిడ మా ఇంట్లో పంతొమ్మిదేళ్ళు చేసింది, నీకు ఒళ్ళు వేడి చేసినప్పుడల్లా రాత్రుళ్ళు పక్కన కూర్చునేది అని చాలా చెప్పింది. ఆవిడకి ఏ కూర ఇష్టమో, ఏ పండక్కి ఏ రంగు చీర పెట్టారో అన్నీ గుర్తున్నాయి అమ్మకి. ఇల్లు ఎక్కడమ్మా అంటే, కాలవ అవతల ఎక్కడో అంది. ఎప్పుడైనా వెళ్ళావా అంటే ఫోన్లో చాలాసేపు మాట రాలేదు. తర్వాత, "ఎవరైనా తీసుకెళ్తే వెళ్ళేదాన్నేమోనే" అంది.

ఆవిడ కూతురు ఇంకా ఆ ఊళ్ళోనే ఉందట. డిసెంబరు సెలవులకి మేం వస్తున్నాం.